అన్నీ బుధవారాలే

అమ్మకు,

నీ పెద్ద కూతురు దండం పెట్టి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా, నా ఓపిక ఒక్కటే మంచాన పడింది. అక్కడ హాస్టల్లో నీ ఒంట్లో ఎలా ఉంది? అంతమందికి వండి పెట్టేదానివి, నువ్వు వేళకి తింటున్నావా?

చంటిదానికి నడక వచ్చిందా అని అడిగావు. నడక కాదమ్మా, పరుగే వచ్చింది. నా నడుం నొప్పి ఎప్పటిలాగే ఉంది. ఆసుపత్రి దుప్పట్లు తడిస్తే ఎంత బరువో నీకు చెప్పాలా, ఆ ఉతికే పని నాకు నేర్పిందే నువ్వు.

కమిటీ ఏమైందని కూడా అడిగావు. ఏమవుతుంది, కూర్చుంటోంది. మన వీధుల్లో పేదరికం తల్లి నుంచి బిడ్డకు రాకుండా అందరం కలిసి ప్రణాళిక వేయాలట. నన్ను తల్లుల ప్రతినిధిని చేశారు. నాకు సెలవు బుధవారమే కాబట్టి బుధవారం పొద్దున పెట్టారు. మిగతా రోజులు చంటిదాన్ని చూసుకునే పక్కింటావిడకు కూడా ఆ రోజే సెలవు. మొదటి మూడు వారాలు కమిటీకి పేరు పెట్టడానికే సరిపోయాయి. తర్వాత గోడ నిండా రంగు కాగితాలు అంటించారు. అమ్మమ్మకో గడి, తల్లికో గడి, పిల్లకో గడి, మధ్యలో బాణాలు. మీ కష్టం మీ మాటల్లోనే చెప్పండి అంటారు పెద్దసారు, రిటైరైన హెడ్మాస్టరు. తీరా చెప్తే, ఆ మాట బాగాలేదని తన మాట రాసుకుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. అయినా మానలేదు. నా పెద్దకూతురి బతుకైనా మారుతుందేమోనని నా ఆశ.

ఇక నీకు చెప్పకుండా దాచింది చెప్తాను. తిట్టాలనిపిస్తే తిట్టు.

మొన్న సారు బడి మానేస్తున్న పిల్లల జాబితా చదివారు. పేర్లు లేవు, తరగతులే. "ఏడో తరగతి అమ్మాయి. పదకొండు రోజులు రాలేదు, అన్నీ బుధవారాలే. ఇంకో రెండు రోజులు మానితే పరీక్షకు కూర్చోనివ్వరు. కారణం తెలియదు."

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. చంటిదాన్ని చూసుకోమని పెద్దదాన్ని ఇంట్లో ఉంచి నేను అంతకుముందు వెళ్లిన సమావేశాలు సరిగ్గా పదకొండు.

"కారణం నేనేనండీ" అన్నాను లేచి.

సారు కళ్లద్దాలు తుడుచుకుని, ఇది చాలా ముఖ్యమైన విషయం, వచ్చే బుధవారం వివరంగా చర్చిద్దాం అన్నారు. తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. వచ్చే బుధవారం చంటిదాన్ని తెచ్చి మీ బల్ల మీదే దింపుతాను, అది కాగితాలన్నీ పీకి పారేసినా మీరే చూసుకోండి అని చెప్పి వచ్చేశాను. పెద్దది ఇక ఒక్క పూట కూడా బడి మానదు.

అమ్మా, తమ్ముణ్ణి చూసుకోమని నన్ను బడి మాన్పించావని ఇన్నేళ్లూ మనసులో నిన్ను దెప్పుతూనే ఉన్నాను. ఆ పొద్దున నా తల దువ్వుతూ "ఈ ఒక్క రోజుకే తల్లీ" అన్నావు. అబద్ధం చెప్పావనుకున్నాను. మొదటి బుధవారం పెద్దదాని తల దువ్వుతూ నేనూ అదే మాట అన్నాను. అబద్ధం కాదమ్మా, నిజంగా ఒక్క రోజుకే అనుకున్నాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి