డిక్కీ తెరిచే తీగ

మంగళవారం రాత్రి

ప్రతాప్ స్పోర్ట్స్ కారులో బ్యాటరీని ముందు నుంచి డిక్కీలోకి మార్చింది నేను. బరువు వెనక్కి వస్తే మలుపుల్లో బండి పట్టు తప్పదన్నాడు. మూడు రోజులు నడుము పడిపోయేలా వైర్లు లాగాను. మొన్న ఆదివారం నా షెడ్డు ముందే స్నేహితులతో, "అంతా నేనే చేసినా. ఈయప్ప పానా అందిచ్చినాడంతే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఛీ!

ఈ మధ్యాహ్నం అహోబిలం నుంచి ప్రతాప్ ఫోన్. బ్యాటరీ దిగిపోయిందట. ఆ డిక్కీకి తాళంచెవి లేదు, బటనే. బటన్‌కి కరెంటు కావాలి. కరెంటేమో డిక్కీలో ఉంది. ఇలాంటి రోజు వస్తుందనే, కారులో కూర్చునే లాగి డిక్కీ తెరవడానికి ఒక తీగ వేశాను. ఆదివారం ఆ మాట చెప్పబోయి, ఆ నవ్వులు విని మింగేశాను.

"డిక్కీ ఎట్ల తెరవాలన్నా? శానా ఎండగా ఉండాది, అమ్మ కూడా ఉండాది." అన్నా అనడం ఇదే మొదలు.

"అంతా నువ్వే చేసినావు కదప్పా, నీకు తెలీదా?" అని పెట్టేశాను. హాయిగా అనిపించింది.

పని జరిగిన మూడు రోజులూ నాకు మజ్జిగ పంపింది వాళ్లమ్మే. ఆమె కోసమైనా...

మళ్లీ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

ఆ తీగ ఆమె కూర్చున్న సీటు కిందే ఉంది. చెయ్యి పెడితే తగులుతుంది.