చెరపమన్న డప్పు

గుంటూరు,
12-11-1999.

పాస్టర్ ప్రసన్నకుమార్ గారికి,

వందనాలు చెప్పే మనసు లేక నేరుగా విషయానికి వస్తున్నాను. మీ క్రిస్మస్ క్యాసెట్టులో డప్పు చెరిపేయమని కబురు పంపారు. "జాతరలో అమ్మోరి ముందు మోగేది దేవుడి పాటలో మోగడమేంటయ్యా?" అన్నారట.

ఇరవై ఏళ్లుగా భక్తి పాటలు రికార్డు చేస్తున్నాను. కీబోర్డు సినిమా పాటల్లోనూ మోగుతుంది. దాన్ని చెరపమని ఏ పాస్టరూ అడగలేదు. మీ ఊరి యలమంద మా స్టూడియో వెనక పత్తికట్టెల మంట దగ్గర డప్పు కాచుకొచ్చి వాయిస్తుంటే, పాడాల్సిన లిడియా పాట వదిలి మోకరించింది, రికార్డింగు రెండుసార్లు ఆపాం. ప్రార్థన అంటే నాకు తెలిసింది అదే.

ఆ డప్పు ఎక్కడిదని యలమందను అడిగాను. "ఏసోబు మామదండీ. కొడుకు పాస్టరై దాన్ని పెంటకుప్ప మీద పారేస్తే నేను తెచ్చుకున్నా. ఈ దరువు కూడా మామ నేర్పిందే" అన్నాడు.

మీ నాన్నగారి డప్పు చెరపడానికి నాకు చేతులు రావు. అది విడి ట్రాకులో ఉంది, ఒక్క మీట నొక్కితే పోతుంది. దర్శిలో బస్సెక్కి మీరే రండి. ఏ మీటో చూపిస్తాను.

ఇట్లు,
మీ పాటలు రికార్డు చేసేవాడు