నీ తెల్లచొక్కా మీది ఎర్రమరక

ఏమయ్యా, నువ్వు పోయి నేటికి ఏడాది. నాకు రాయడం రాదు కదా, నేను చెబుతుంటే మనవరాలు లావణ్య రాస్తోంది.

ఆ తెల్లచొక్కా గుర్తుందా? సబ్బు పెట్టగానే మరక ఎర్రబడితే, "ఎవరి రంగు చీరతోని నానవెట్టినవే?" అని మనముండే గోడాదరా గల్లీ అంతా వినేలా అరిచావు.

ఇవాళ లావణ్య బడి పాఠం కోసం పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్లు చల్లింది. ఎర్రబడింది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపురంగే వచ్చింది.

"సబ్బు క్షారం, నిమ్మ ఆమ్లం నానమ్మా."

"గట్లనా! జర ఆగు."

పెట్టెలోంచి నీ చొక్కా తీసి, జేబు మీది మరకకు సబ్బు రాశాను. ఎర్రబడింది. నిమ్మచెక్క రుద్దితే పసుపైంది. నువ్వు ఒలకబోసుకున్న పప్పు మరకే అది!

"ఎండల ఆరేస్తే పోతది నానమ్మా" అంది పిల్ల.

వద్దన్నాను. నీ ఎదుట పెట్టాల్సిన సాక్ష్యాన్ని పోగొట్టుకుంటానా? మడిచి మళ్లీ పెట్టెలోనే దాచాను.