టెలిస్కోపులో మన డాబా

ఏమండీ,

ఇక్కడ కొండ మీద నేను కులాసా. తిండికీ నిద్రకీ లోటు లేదు. మీరూ, మన పిడుగూ ఆరోగ్యంగా ఉన్నారని మీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది.

కొండచరియ విరిగిపడిన చోట రాళ్ళు ఇంకా తీస్తూనే ఉన్నారు. దారి ఎప్పుడు తెరుస్తారంటే ఎవరూ నోరు విప్పరు. సరుకులు మాత్రం తీగ మీద వేలాడే బుట్టలో వస్తున్నాయి. అందులో మనుషుల్ని ఎక్కనివ్వరు. కిందికి వెళ్ళే ఖాళీ గోతాలను చూసినా కుళ్ళుగా ఉంటోందండీ.

"మీ పెద్ద టెలిస్కోపు ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుంది?" అని అడిగారు. ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ ముందు అదే అడుగుతారు. దాని అసలు పని పెద్దది చేయడం కాదు, వెలుతురు పోగుచేయడం. వానలో చెంబు పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? చీకట్లో ఎంత విచ్చుకున్నా మన కంటిపాప మిరియపు గింజంతే. మా అద్దం మన వంటగదంత. గిన్నెలా కాస్త గుంటగా ఉండి, మీద పడిన వెలుతురునంతా ఒక్కచోటికి చేరుస్తుంది. అక్కడ ఏర్పడిన చిన్న బొమ్మను భూతద్దంలాంటి దానితో పెద్దది చేసుకోవచ్చు. మావాళ్ళు ఎక్కువగా ఆ వెలుతురును రంగులుగా విడదీస్తారు. దాన్నిబట్టి నక్షత్రంలో ఏమున్నాయో, ఎంత వేడిగా ఉందో, మనవైపు వస్తోందో, దూరమైపోతోందో చెబుతారు.

ఆ అద్దాన్ని కడగడం నా పని కదా. తడి దూదిని దాని బరువుతోనే జరపాలి, చేతి బరువు పడకూడదు. పిడుగుకు స్నానం చేయించాల్సిన చేతులకు ఇప్పుడు ఈ అద్దమే దిక్కు.

చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్న సంగతి ఒకటుంది.

బడిపిల్లలకు చూపించే చిన్న టెలిస్కోపును మొన్న ఎండ ఉండగానే వసారాలో పెట్టి, లోయ అవతలికి తిప్పాను. అటుగా వెళ్తున్న మా పెద్దసారు, "ఏమ్మా, పట్టపగలే చుక్కలు చూస్తున్నావా?" అన్నారు.

"మా ఇల్లు కనిపిస్తుందేమోనని సార్."

ఆయన నవ్వు ఆపేశారు. తనే మర తిప్పి బొమ్మ తేటగా వచ్చేలా చేశారు. "చూసుకో. తలకిందులుగా ఉంటుంది, కంగారుపడకు" అని వెళ్ళిపోయారు.

కనిపించింది! మన డాబా. తీగ మీద ఎర్ర దుప్పటి పైకి వేలాడుతోంది. మీరు చేతులు చాచి కూర్చున్నారు. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డ పిడుగు, గోడ వదిలేసి మీవైపు నడిచిందండీ! నాలుగడుగులు వేసి చతికిలబడింది. నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. గొట్టానికి తగిలి అది పక్కకు తిరిగిపోయింది. మళ్ళీ మన ఇల్లు వెతికి పట్టుకునేసరికి డాబా ఖాళీ.

మర్నాడు బుట్టలో మీ ఉత్తరం వచ్చింది, ముందురోజు రాత్రి రాసినట్టు తేదీ వేసి ఉంది. "ఇంకా నడవడం లేదు. నువ్వు వచ్చాకే మొదటి అడుగు వేస్తుందేమో" అని రాశారు. చదివి నవ్వాను. కాసేపటికి ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. నాకోసమే దాచారని తెలుసు. ఇక దాచకండి. అది నడవడం మీరు నోరారా అందరికీ చెప్పుకోండి. ఇంటినిండా, వీధినిండా తిరగనివ్వండి. పడితే ముందు ఎత్తుకోండి. తర్వాత నాకు రాయండి, ఏ మోకాలు గీరుకుందో కూడా.

ఇట్లు,
మీ
పిడుగు వాళ్ళమ్మ