నల్ల టేపు చుట్టిన గొట్టం

శనివారం సాయంత్రం

పిన్నికి,

...అందుకే అక్కడితో ఆపేశాను. నిన్న రాస్తుండగానే అమ్మ అన్నానికి పిలిచేసింది. నమస్కారాలూ, నువ్వెలా ఉన్నావూ, మేం బాగున్నామూ అన్నీ నిన్నటి కాగితంలో అయిపోయాయి కదా, రెండూ ఒకే కవర్లో పెడతాను. మళ్ళీ మొదలుపెడితే అమ్మ యూనివర్సిటీకి పెట్టుకునే అప్లికేషన్‌లా తయారవుతుంది. నా తెలుగు చూసి నవ్వకు. మెసేజ్ పెట్టేదాన్నే, కానీ నా ఫోన్‌లోవన్నీ అమ్మ ట్యాబ్‌లో కూడా కనిపిస్తాయి.

ఎక్కడున్నాను? ఆ, అమ్మ లీవ్ దగ్గర.

అమ్మ ఇంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు పిన్నీ. వంట చేస్తూ పాడుతోంది. శ్రుతీ లేదు, పాడూ లేదు, అయినా ఆపట్లేదు. ఏడాదంతా క్లాసులుండవు, పేపర్లు దిద్దక్కర్లేదు, పాత నది ఇసుక మీద రీసెర్చ్ ఒక్కటే. ఈ సబాటికల్ కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో నాకంటే నీకే బాగా తెలుసు. మొదటిసారి ఇచ్చినప్పుడు తాతయ్యకి పక్షవాతం వచ్చి తనే వద్దనుకుంది. రెండోసారి, మీరెళ్ళిపోతే క్లాసులు నేను చెప్పాలా అని డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ అడ్డం పడ్డాడు. ఇప్పుడు తప్పితే ఇక ఇవ్వరట. తిరిగొచ్చాక పనిచెయ్యడానికి సర్వీసు మిగిలుండాలిగా.

ఆ హెడ్ సారే మొన్న టీ తాగుతూ, ఇసుక గురించి తెలుసుకోడానికి ఏడాదెందుకు మేడమ్, లారీవాళ్ళనడిగితే సాయంత్రానికల్లా చెప్పేస్తారు అన్నాడట. సరే, మీరు అడిగి ఉంచండి సార్, ఈలోపు నేను వెళ్ళొస్తాను అని అమ్మ అందట. ఇంటికొచ్చి ఆయనలా పొట్ట ముందుకు పెట్టి మరీ యాక్ట్ చేసి చూపించింది. తన బదులు వచ్చే కొత్త మేడమ్ అప్పుడే తన గదిలో కర్టెన్లు మార్చేసిందని కూడా నవ్వుతూనే చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి.

మా స్టోర్ రూమ్ నీకు గుర్తుందా? కిటికీకి నల్ల అట్టలు, లోపల ఒక్క ఎర్ర బల్బు, అమ్మ గోతుల్లోంచి తీసి తెచ్చిన ఇసుక గొట్టాలు. నా చిన్నప్పుడు నువ్వు వచ్చి మామూలు లైటు వెయ్యబోతే అమ్మ నీ చెయ్యి లాగేసిందే, ఆ గది. ఆ గొట్టాల్లో ఇసుక నిద్రపోతోందే, లేపకూడదు అనేది నాతో. నేను నిజంగానే నమ్మి ఆ తలుపు ముందు మునివేళ్ళ మీద నడిచేదాన్ని. పెద్దయ్యాక సరిగ్గా చెప్పింది. మట్టి కింద చీకట్లో ఉన్నంతకాలం ఇసుక గింజ తన వయసు గుర్తుపెట్టుకుంటుందట. ఎండ తగిలిందంటే మొత్తం మర్చిపోతుంది, వయసు చెప్పే మిషన్లో పెడితే నిన్నే పుట్టానంటుంది. ఆ మిషన్ ఉన్న యూనివర్సిటీకే అమ్మ ఇప్పుడు వెళ్తోంది.

అన్ని గొట్టాల్లోకీ ముఖ్యమైనది అడుగు పొరది. నది ఒకప్పుడు ఎటు పారిందో అమ్మ చెప్పేదంతా దాని మీదే నిలబడి ఉంది. ఆ గొయ్యి తవ్విన చోట ఇప్పుడు పెద్ద బిల్డింగ్ లేచింది, మళ్ళీ తవ్వడానికి లేదు.

పిన్నీ, ఆ గొట్టం నా చేతిలోంచి జారి పడింది.

పోయిన ఆదివారం అమ్మ బయటికి వెళ్ళినప్పుడు స్టోర్ రూమ్ దులుపుతున్నాను. తలుపు తెరిచే ఉంది. మూత కొంచెం ఊడింది. వెంటనే పెట్టేసి, నల్ల టేపు చుట్టేశాను. చివర్లు పాడైనా మధ్యలోది పనికొస్తుందని అమ్మే ఒకసారి అంది కదా, కాబట్టి ఏం కాదు. ఏం కాదు కదా? నేను చుట్టిన టేపు పాతదానికంటే మెరుస్తోంది, కానీ ఎర్ర బల్బు కింద తేడా తెలీదు. చూశాను.

చెబుదామనే అనుకున్నాను. నిన్న అన్నం దగ్గర నోరు తెరిచాను కూడా. అప్పుడే అమ్మ, ఏడాది తర్వాత వచ్చి డిపార్ట్‌మెంట్ అందరి ముందూ మాట్లాడాలి కదా, హెడ్ సార్‌ని ముందు వరసలో కూర్చోబెట్టి ఆ అడుగు పొర వయసు చెప్తాను, అప్పుడు చూడవే ఆయన మొహం అంది. నేను ఇంకొంచెం కూర వేసుకున్నాను.

నాన్న సంగతి గుర్తొచ్చి ఇలా ఉన్నానేమో అనుకుంటావేమో, అదేం లేదు. నాన్న కూడా ఏడాది పనే అని వెళ్ళాడు, వెళ్ళి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అది వేరు, ఇది వేరు. అమ్మ అలాంటిది కాదు. నాకు తెలుసు. నువ్వు వచ్చి నాతో ఉంటావు, ఏడాది ఇట్టే అయిపోతుంది, స్కూల్లో కూడా అందరూ అదే అంటున్నారు.

నువ్వు సోమవారం రాగానే ఈ కవర్ నీ చేతికే ఇస్తాను. అమ్మ బయల్దేరేది ఆ మర్నాడే. చెప్పాలో వద్దో నువ్వే చెప్పు.

అమ్మ లేని చోట చదువుకో.

నీ పిచుక

తా.క. నిన్నటి నుంచీ ఇది రాయాలని పెన్ను పట్టుకుంటున్నాను. అది జారి పడలేదు పిన్నీ.

పెట్టె సర్దుతూ అమ్మ పాడుతోంది. నాన్న కూడా సర్దుతున్నప్పుడు ఈల వేశాడు, నేనే సాక్సులు అందించాను. ఉండిపో అమ్మా అని అడిగితే ఉండిపోతుంది, తాతయ్యప్పటిలాగే. అందుకే అడగలేకపోయాను. గొట్టం దానంతటదే పాడైతే ఎవరూ అడగక్కర్లేదు, అమ్మే ఆగిపోతుంది అనుకున్నాను. టేపు నేనే విప్పాను. మొత్తం న్యూస్‌పేపర్ మీద పోశాను, చివర్లే కాదు, మధ్యలోది కూడా. బాల్కనీలో ఎండలో పెట్టి పక్కనే కూర్చున్నాను. మామూలు ఇసుకే పిన్నీ. వెచ్చగా అయింది. అప్పుడు మెట్ల మీద అమ్మ పాట వినిపించింది. గబగబా మళ్ళీ గొట్టంలో పోసేశాను.

అమ్మకి తెలీదు కాబట్టి ఆగట్లేదు. వెళ్తోంది, ఆ గొట్టం తీసుకునే వెళ్తోంది. అందరి ముందూ నిలబడి

తలుపు కొడుతోంది. కాగితాలు దిండు కింద పెట్టెయ్యాలి. పిచుకా, గొట్టాలకి ఇంకో చుట్టు వెయ్యాలే, నల్ల టేపు కనపడట్లేదు, నువ్వేమైనా చూశావా అంటోంది.

టేపు కూడా దిండు కిందే ఉంది.