గేటు వైపు తిప్పిన గంగాళం

నాచారం,
మంగళవారం.

అక్కా,

ఫోన్లో అడిగితే మాట మారుస్తావని ఉత్తరం రాస్తున్నాను.

మీ మరిది వాకిట్లో ఫౌంటెన్ కడుతున్నారు. రిటైరయ్యాక ఆయనకు పాత సామాన్ల పిచ్చి పట్టింది. పోయిన వారం పాత ఇనుము కొట్టు నుంచి చెడిపోయిన కూలరు ఒకటి, రాగి గంగాళం ఒకటి తెచ్చారు. కూలరు మోటారు నీళ్లను పైకి చిమ్మితే అవి మళ్లీ గంగాళంలో పడాలట.

చింతపండు పెట్టి తోముతుంటే అంచు మీద అమ్మ పేరు బయటపడింది. ఆండాలమ్మ.

అమ్మ పోయాక అది మీ ఉప్పల్ ఇంట్లోనే ఉంది కదా. దసరాకు నేను అడిగితే, పనిమనిషి లక్ష్మీనర్సమ్మ ఎత్తుకుపోయిందన్నావు. ఆమెను మాన్పించావు కూడా. ఆమె మా గేటు దాకా వచ్చి, “నేను తియ్యలేదమ్మా, జర నువ్వన్నా నమ్ము” అని ఏడిస్తే నేనూ నమ్మలేదు.

ఆమే అమ్ముకుందని నువ్వంటావు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ కూలరు మీద మీ ప్రజ్ఞ చిన్నప్పుడు అంటించిన సీతాకోకచిలుకల స్టిక్కర్లున్నాయి. కొట్టు యజమానిని అడిగాను. “రెండూ ఒక్క ఆటోలనే వచ్చినయ్ మేడం, ఉప్పల్ కెళ్లి” అన్నాడు. ఎవరు పంపారని నేను అడగలేదు. నాకు ఇవ్వాల్సి వస్తుందనేనా అక్కా, అమ్మేసి ఆమె పేరు చెప్పావు?

ఆదివారం ఫౌంటెన్ మొదలుపెడుతున్నాం. బావతో కలిసి రా. అమ్మ పేరున్న వైపు గేటుకేసి తిప్పించాను. లక్ష్మీనర్సమ్మను కూడా పిలిచాను. ఆమెకు చదవడం రాదు. ఆ పేరు నువ్వే చదివి వినిపించాలి.

నీ చెల్లెలు