మగ్గానికి ఇంత మోతా!

రాజమణక్కకు చెల్లెలు భూలక్ష్మి దండాలు. మొన్న దవాఖానలో నా చెవులకు వినబడే మిషన్లు పెట్టారు. నొప్పేం లేదు, రంది పడకు.

ఇంటికొచ్చి మగ్గం మీద కూర్చుని పోగు నేసే నాడె విసిరానో లేదో, ధడేల్మంది! ఏదో విరిగిందనుకుని మగ్గం గుంటలోంచి లేచి పలకలు, తాళ్లు అన్నీ తడిమి చూశాను. నీ మరిది ఒకటే నవ్వు.

"ఏం ఇరగలే. ఇరవై ఏండ్ల సంది మగ్గం గట్లనే మోగుతుంది, నీకే తెల్వది" అన్నాడు.

అక్కా, నా చేతుల కింద ఇంత మోత ఉందా! ఆ రోజు చీర అంచుకు ఒక్క గొల్లభామ బొమ్మ కూడా దిగలేదు. రెండు వరుసలు నేయడం, ఆగి వినడం, ఇదే పని.

మీ భివండీలో ఈ మిషన్లలో వేసే గుండీ బ్యాటరీలు దొరికితే రెండు పట్టీలు పంపు. నీ మోకాళ్లు ఎట్లున్నాయి? కోడలికి ఎన్నో నెల? బావకు దండాలు, పిల్లలకు దీవెనలు.

కార్డులో జాగ అయిపోతోంది. ఫోన్లో వినబడకే ఇన్నేళ్లూ నీకు కార్డులు రాశాను. ఆదివారం ఫోన్ చెయ్యి. పోయిన అమ్మ గొంతు నీకే వచ్చిందని అందరూ అంటారు. ముందు ఇంకేం మాట్లాడకు. అమ్మ పిలిచినట్టు "బూలచ్చీ" అని ఒక్కసారి పిలువు.